పన్నెండు గడుల పట్టికలో ఇమడని క్రియ: ఆంగ్ల టెన్సుల బోధనపై తులనాత్మక విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులకు ఆంగ్ల టెన్సులను పన్నెండు గడుల పట్టికగా చూపి, గడికొక తెలుగు అర్థం జోడించి నేర్పడం చిరకాలంగా సాగుతున్న పద్ధతి. రూపాలను గుర్తుంచుకోవడానికి ఆ పట్టిక ఉపకరిస్తుంది. అర్థాలను నిర్ణయించడానికి వాడినప్పుడు మాత్రం అది ఆంగ్లక్రియ నిర్మాణాన్నీ తెలుగుక్రియ స్వభావాన్నీ కూడా మరుగుపరుస్తుంది. ఆంగ్లం క్రియారూపంలోనే చూపే అనేక కాలసంబంధాలను తెలుగు ప్రత్యయాలలోనూ అవ్యయాలలోనూ అనుబంధ క్రియలలోనూ చూపుతుంది. కాబట్టి గడికి గడి అనువాదం కుదరదని, ఏ భాష ఏ భేదాన్ని ఎక్కడ చూపుతుందో తెలిపే తులనాత్మక వివరణ అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పరిశోధకులు ఆంగ్లంలో రాసే వ్యాససంగ్రహాలకు ఈ చర్చను అన్వయిస్తుంది.

కీలకపదాలు: టెన్స్, క్రియాదశ, తద్ధర్మార్థకం, ఆధారకాలం, తులనాత్మక వ్యాకరణం, ఆంగ్లబోధన.

1. ఉపోద్ఘాతం:

తెలుగు విద్యార్థుల కోసం వెలువడే ఆంగ్ల వ్యాకరణ కరదీపికలలో సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా వర్తమాన, భూత, భవిష్యత్ కాలాలు; నిలువుగా సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనే నాలుగు వరుసలు. మూడు నాలుగుల పన్నెండు. ప్రతి గడిలో ఒక ఆంగ్లవాక్యం, దాని పక్కన తెలుగు అర్థం. 'ఐ గో' అంటే 'నేను వెళ్తాను', 'ఐ యామ్ గోయింగ్' అంటే 'నేను వెళ్తున్నాను'. ఇంతవరకు ఇబ్బంది లేదు. మూడో గడిలో 'ఐ హేవ్ గాన్' అంటే 'నేను వెళ్లి ఉన్నాను' అని ఉంటుంది. నాలుగో గడిలో 'ఐ హేవ్ బీన్ గోయింగ్' అంటే 'నేను వెళ్తూ ఉన్నాను' అని ఉంటుంది.

'బజారుకు వెళ్లి ఉన్నాను' అని ఏ తెలుగు ప్రాంతంలోనూ ఎవరూ మాట్లాడరు. 'వెళ్తూ ఉన్నాను' అనేది 'వెళ్తున్నాను'కు విడదీసిన రూపమే తప్ప వేరే అర్థం కాదు. అంటే నాలుగు గడులలో ఒకటి కృత్రిమం, ఇంకొకటి పునరుక్తి. గడులు నింపవలసి వచ్చింది కనుక తెలుగును సాగదీశారు. కోస్తా 'వచ్చాడు', రాయలసీమ 'వచ్చినాడు', తెలంగాణ 'వచ్చిండు' మూడూ ఈ పట్టికకు ఆధారం కాలేదు. పట్టికలోని తెలుగు పట్టిక కోసమే పుట్టిన తెలుగు.

దీని ఫలితం పాఠశాలతో ముగియదు. తెలుగు శాఖలలో పరిశోధన చేసేవారు తమ వ్యాసాలకు ఆంగ్లసంగ్రహం జతపరచవలసి వస్తోంది. సంవత్సరాల శ్రమను తెలుగు రాని పాఠకుడు ఆ కొద్ది వాక్యాల ద్వారానే అంచనా వేస్తాడు. అక్కడ టెన్స్ మారితే వాదన బలమే మారుతుంది. అందువల్ల ఈ పట్టికను విమర్శదృష్టితో పరిశీలించడం తెలుగు అధ్యాపకులకూ అవసరమే.

2. కాలం, టెన్స్, క్రియాదశ:

తొలి చిక్కు పరిభాషలో ఉంది. మనం 'టైమ్'నూ 'కాలం' అంటాం, 'టెన్స్'నూ 'కాలం' అంటాం. మొదటిది లోకానికి సంబంధించినది, రెండోది క్రియారూపానికి సంబంధించినది. ఓటో యెస్పర్సన్ 1924లో వెలువడిన తన వ్యాకరణతత్త్వ గ్రంథంలో ఈ రెండింటినీ విడదీసి చూడాలని పట్టుబట్టాడు. సంస్కృత వ్యాకరణానికి ఈ వివేచన కొత్త కాదు. అది లోకంలోని కాలాన్ని కాలమనీ, క్రియకు చేరే రూపాలను లకారాలనీ వేరుగా వ్యవహరించింది. భూతకాలం ఒక్కటే అయినా దానికి లుఙ్, లఙ్, లిట్ అనే మూడు లకారాలు ఉన్నాయి. సామాన్య భూతం, నేటిది కాని భూతం, నేటిది కాకపోవడమే గాక వక్త కంటికి కనబడని భూతం అని వాటి భేదం. ఒకే గతాన్ని ఏ ప్రాతిపదికపై విభజించాలో ఒక్కొక్క భాష తనదైన పద్ధతిలో నిర్ణయించుకుంటుందనడానికి ఇది ఉదాహరణ.

ఆంగ్లక్రియ తన రూపాన్ని మార్చుకుని చూపే టెన్సులు రెండే: 'వాక్' లేదా 'వాక్స్', 'వాక్డ్'. భవిష్యత్తుకు ప్రత్యేకమైన క్రియారూపం లేదు. 'విల్' అనేది 'కెన్', 'మే', 'మస్ట్' వరుసలోని సహాయక క్రియ. రాండాల్ఫ్ క్వర్క్, ఆయన సహరచయితలు 1985లో వెలువరించిన బృహద్ వ్యాకరణం కూడా ఆంగ్లానికి రెండు టెన్సులనే అంగీకరించింది. వీటిపై చేరేవి రెండు క్రియాదశలు. పని జరుగుతున్న మధ్యలో నిలబడి చూడడం ఒకటి, జరిగిన పనిని తరువాతి బిందువుతో ముడిపెట్టి చూడడం మరొకటి. మొదటిది కంటిన్యువస్, రెండోది పర్ఫెక్ట్. ఈ వ్యాసంలో 'ఆస్పెక్ట్' అనే భావనకు క్రియాదశ అనే మాటను వాడుతున్నాను.

ఈ విధంగా చూస్తే పన్నెండు గడులు పన్నెండు కాలాలు కావు. రెండు టెన్సులు, రెండు దశలు, ఒక సహాయక క్రియ కలిసి ఇచ్చే కూర్పులు. విద్యార్థి నేర్చుకోవలసినవి పన్నెండు అర్థాలు కావు, కొద్దిపాటి నిర్ణయాలు. గతంగా చెబుతున్నానా? పని మధ్యలో చూస్తున్నానా? తరువాతి బిందువుతో ముడిపెడుతున్నానా? పట్టిక ఈ ప్రశ్నలను దాచి, జవాబులను మాత్రమే వరుసగా పేరుస్తుంది.

రూపమూ కాలమూ ఒకటి కాదని తెలుగువాడికి తన భాషలోనే తెలుసు. ఇంకా దారిలో ఉన్నవాడు ఫోనులో 'ఇదిగో, వచ్చేశాను' అంటాడు. రూపం భూతం, విషయం భవిష్యత్తు. 'రేపు నువ్వు వచ్చినప్పుడు చెబుతాను' అనడంలో 'వచ్చిన' భూత విశేషణరూపమే. ఆంగ్లంలోనూ 'ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అనే వాక్యంలో వర్తమానరూపం రేపటిని చెబుతుంది. 'ఇఫ్ ఐ న్యూ' అన్నప్పుడు భూతరూపం గతాన్ని కాక, తెలియదన్న వాస్తవాన్ని చెబుతుంది. బోధన ఇక్కడ మొదలైతే విద్యార్థికి తన భాషాజ్ఞానమే ఆసరా అవుతుంది.

3. తెలుగు సమాపక క్రియ చూపే భేదాలు:

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియారూపాలను భూత, వర్తమాన, భవిష్యదర్థకాలతో ఆపలేదు. తద్ధర్మార్థకం అనే నాలుగో విభాగాన్ని గుర్తించింది. ఫలానా కాలమని నిర్దేశించకుండా స్వభావాన్ని, అలవాటును చెప్పే క్రియ అది. ఆ పదం పాణినీయ సంప్రదాయం నుంచే వచ్చినా, క్రియారూపాల వర్గీకరణలో దాన్ని ఒక విభాగంగా నిలపడం తెలుగు క్రియను వివరించడానికి ఎంతో ఉపకరించింది. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' అనే వాక్యాన్ని వర్తమానమా, భవిష్యత్తా అని అడిగితే జవాబు దొరకదు. అది తద్ధర్మం.

ఆధునిక వ్యవహారంలో 'వస్తాడు' అనే ఒక్క రూపం అలవాటునూ భవిష్యత్తునూ మోస్తుంది. 'రోజూ వస్తాడు', 'రేపు వస్తాడు'. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) కూడా ఈ రెండు అర్థాలనూ ఒకే రూపం కిందికి తెచ్చింది. ఆంగ్లం వీటిని 'కమ్స్', 'విల్ కమ్' అని విడదీస్తుంది. పట్టిక మాత్రం 'వస్తాడు'ను రెండు గడులలో రెండుసార్లు రాసి, తేడా ఏమిటో చెప్పకుండా ముందుకు సాగుతుంది. విద్యార్థి రాసే 'టుమారో ఐ గో టు కాలేజ్' అనే వాక్యం అజాగ్రత్త ఫలితం కాదు. పట్టికను నమ్మినందుకు వచ్చిన ఫలితం.

వ్యతిరేక రూపాలలో తెలుగు మరింత పొదుపరి. 'రాడు' అలవాటునూ భవిష్యత్తునూ కాదంటుంది. 'రాలేదు' అనేది 'డిడ్ నాట్ కమ్'కూ 'హేజ్ నాట్ కమ్'కూ సమానం. తేడాను 'నిన్న రాలేదు', 'ఇంకా రాలేదు' అని అవ్యయాలు చూపుతాయి. 'నిన్న' గతాన్ని మూసివేస్తుంది, 'ఇంకా' ఇప్పటివరకు తెరిచి ఉంచుతుంది. ఆంగ్లం క్రియలో చేసే పనిని ఇక్కడ ఒక చిన్న అవ్యయం చేస్తోంది.

తెలుగుకు ఉండి పట్టికలో చోటు దొరకని రూపాలూ ఉన్నాయి. 'మా తాత రోజూ పొలానికి వెళ్లేవాడు' అనే వాక్యంలోని 'వెళ్లేవాడు' ఏ గడికి చెందుతుంది? గత అలవాటును చెప్పే ఈ రూపానికి పన్నెండింటిలో స్థానం లేదు. అందువల్ల విద్యార్థి దగ్గరలో కనబడిన 'వజ్ గోయింగ్'ను ఎంచుకుంటాడు. ఆంగ్లంలో దీనికి 'యూస్డ్ టు గో' ఉంది, 'వుడ్ గో' ఉంది, సందర్భం స్పష్టంగా ఉంటే 'వెంట్' కూడా సరిపోతుంది. ఇక్కడ గమనించదగిన సామ్యం ఒకటుంది. 'పిలిచి ఉంటే వచ్చేవాడు' అన్నప్పుడు అదే తెలుగు రూపం జరగని దాన్ని చెబుతుంది. ఆంగ్లంలో 'వుడ్' కూడా గత అలవాటుకూ, 'వుడ్ హేవ్ కమ్' అనే కూర్పులో జరగని ఘటనకూ పనికివస్తుంది. సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిలో నడిచిన ఈ చోటు తరగతిలో ఎంతో విలువైనది. పట్టిక దాన్ని పూర్తిగా వదిలివేసింది.

4. పట్టిక దారి తప్పించే సందర్భాలు:

4.1 'ఎప్పుడు', 'ఎప్పుడైనా': సింపుల్ పాస్ట్‌కు 'వచ్చాడు', ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు 'వచ్చి ఉన్నాడు' అని నేర్చుకున్న విద్యార్థికి రెండో రూపం నిజజీవితంలో ఎదురుకాదు. కాబట్టి ఆ గడిని ఎప్పుడు వాడాలో తెలియక 'హి హేజ్ కమ్ యెస్టర్డే' అంటాడు. సహజమైన తెలుగులో రెండింటికీ 'వచ్చాడు' అనే అంటాం. భేదం ప్రశ్నలో బయటపడుతుంది. 'కాశీ ఎప్పుడు వెళ్లావు?' అనేది గతంలోని ఒక నిర్దిష్ట సమయాన్ని అడుగుతుంది, దానికి 'డిడ్' కావాలి. 'కాశీ ఎప్పుడైనా వెళ్లావా?' అనేది ఇప్పటివరకు గడిచిన జీవితమంతటినీ ఒక ప్రమాణంగా తీసుకుంటుంది, దానికి 'హేవ్' కావాలి. అమెరికన్ వాడుకలో 'జస్ట్', 'ఆల్రెడీ' వంటి మాటలతో సింపుల్ పాస్ట్ కూడా విరివిగా వినబడుతుంది గనుక ఈ సరిహద్దు అన్ని చోట్లా ఒకే గట్టిదనంతో ఉండదు. అయినా 'యెస్టర్డే' వంటి మూసివేసిన గతంతో 'హేవ్' సాధారణంగా పొసగదు. 'వెళ్లి ఉన్నావా' అనే కల్పిత రూపం కన్నా 'ఎప్పుడైనా' అనే మాట ఈ భేదాన్ని తేటగా చూపుతుంది.

4.2 'పదేళ్లుగా', 'పదేళ్ల నుంచి': 'పదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాడు' అనే వాక్యం 'ఈజ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అవుతుంది. ఇందులో దోషాలు రెండు. తెలుగులో వ్యవధిని 'నుంచి' చెబుతుంది గనుక క్రియ మారనక్కరలేదు. ఆంగ్లంలో వ్యవధి గతం నుంచి సాగి వస్తే క్రియ 'హేజ్ బీన్ వర్కింగ్' కావాలి. అంతేకాక 'నుంచి' ఆరంభబిందువునూ వ్యవధినీ రెండింటినీ చెప్పగలదు. ఆంగ్లం వీటిని 'సిన్స్', 'ఫర్' అని విడదీస్తుంది. ఫ్రెంచి, జర్మన్ భాషలు కూడా ఈ సందర్భంలో వర్తమానరూపాన్నే వాడతాయి. ఈ విషయంలో అసాధారణమైనది ఆంగ్లమే గాని తెలుగు కాదు. ఈ సంగతి తెలిస్తే విద్యార్థికి అనవసరమైన న్యూనత కలగదు.

4.3 'కూర్చుని ఉన్నాడు': క్త్వార్థకంపై 'ఉన్నాడు' చేరితే పర్ఫెక్ట్ అని పట్టిక నేర్పుతుంది. 'కూర్చుని ఉన్నాడు', 'నిలబడి ఉన్నాడు' అనేవి తెలుగులో నిత్యవ్యవహారం. కాని వాటికి ఆంగ్లం 'ఈజ్ సిట్టింగ్', 'ఈజ్ స్టాండింగ్'. తెలుగు, పని ముగిసి మిగిలిన స్థితిని చూస్తోంది. ఆంగ్లం ఆ స్థితినే సాగుతున్న వ్యాపారంగా చూస్తోంది. అంటే 'ఉన్నాడు' అనే రూపం సహజంగా వాడుకలో ఉన్న చోట కూడా పట్టిక సూత్రం తప్పుతోంది.

4.4 'వెళ్లి ఉంటాడు': ఫ్యూచర్ పర్ఫెక్ట్ గడిలో ఈ రూపం కనబడుతుంది. తెలుగులో దీని ప్రధానార్థం ఊహ. 'ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు' అంటే చేరాడని అనుకుంటున్నామని భావం. ఆంగ్లంలో 'హి విల్ హేవ్ రీచ్డ్ హోమ్ బై నౌ' కూడా ఊహే గనుక ఇంతవరకు సామ్యం ఉంది. కాని 'వచ్చే జూన్ కల్లా సిద్ధాంతగ్రంథం పూర్తిచేస్తాను' అన్నప్పుడు 'పూర్తిచేసి ఉంటాను' అనం. 'కల్లా' అనే మాటే ఆ పని చేస్తుంది. ఆంగ్లంలో మాత్రం 'విల్ హేవ్ కంప్లీటెడ్' అని క్రియలోనూ చూపవచ్చు.

5. ఆధారకాలం ఎక్కడ ఉంది?

పై ఉదాహరణలన్నింటినీ కలిపే సూత్రాన్ని హాన్స్ రైషెన్‌బాఖ్ 1947లో ప్రతిపాదించిన విశ్లేషణ సహాయంతో చెప్పవచ్చు. టెన్సును వివరించడానికి మాట్లాడే సమయం, ఘటన సమయం అనే రెండు బిందువులు చాలవని, ఘటనను ఏ బిందువు నుంచి చూస్తున్నామో తెలిపే మూడో బిందువు కూడా కావాలని ఆయన చూపాడు. దీన్ని ఆధారకాలం అనవచ్చు.

'మేము స్టేషనుకు చేరేసరికి రైలు వెళ్లిపోయింది' అనే వాక్యం చూద్దాం. మేము చేరిన క్షణం ఆధారకాలం. రైలు వెళ్లడం దానికి ముందే జరిగింది. ఆంగ్లం ఈ ముందువెనుకలను 'హేడ్ లెఫ్ట్' అని క్రియలో పొదుగుతుంది. తెలుగు ఆధారకాలాన్ని 'సరికి' అని బయటపెట్టి, 'పోవు' అనే అనుబంధ క్రియతో పని ముగిసిందని సూచిస్తుంది. సమాపక క్రియ మాత్రం మామూలు భూతరూపమే. 'అప్పటికే', 'ఈపాటికి', 'కల్లా', 'ఇంకా', 'నుంచి' అన్నీ ఇదే పని చేస్తున్నాయి. ఆంగ్లం ఆధారకాలాన్ని క్రియలో ఇమిడ్చితే తెలుగు దాన్ని క్రియ చుట్టూ అమరుస్తుంది. కనుక 'హేడ్ లెఫ్ట్' అనే రూపానికి సమానమైన తెలుగు సమాపక క్రియను వెదకడం లేని వస్తువును వెదకడమే అవుతుంది.

ఈ సూత్రం తెలియనందున వ్యతిరేక దోషం కూడా వస్తోంది. 'హేడ్' అంటే బాగా పాత గతమని భావించి, ఆధారబిందువు ఏదీ లేకుండానే 'ఐ హేడ్ సీన్ దట్ ఫిల్మ్ లాస్ట్ ఇయర్' అని రాస్తారు. ఎంత పాతదన్నది ఇక్కడ ప్రశ్న కాదు, దేనికి ముందు అన్నదే ప్రశ్న.

అయితే దోషాలన్నిటినీ మాతృభాష ఖాతాలో వేయడం సరికాదు. 'ఐ యామ్ థింకింగ్ హి ఈజ్ రైట్' అనే ప్రయోగం 'అనుకుంటున్నాను' నుంచి వచ్చిందనవచ్చు. 'ఐ యామ్ నోయింగ్' మాటేమిటి? తెలుగులో 'తెలుసు' అంటాం, అందులో సాగుతున్న వ్యాపారం లేదు. 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు'లోనూ లేదు. అయినా 'ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్' అనేది వినబడుతుంది. ఇటువంటివి ఇతర భారతీయ భాషల వారిలోనూ ఉన్నాయి. స్థితిని చెప్పే క్రియలు, వ్యాపారాన్ని చెప్పే క్రియలు అనే విభజన పట్టికలో లేకపోవడం, ఏ క్రియనైనా పన్నెండు గడులలోనూ తిప్పించే అభ్యాసాలు చేయించడం కూడా ఇందుకు దోహదం చేస్తాయి.

6. పరిశోధన సంగ్రహాలకు అన్వయం:

తెలుగు పరిశోధకులు తరచుగా రాసే నాలుగు వాక్యాలను పరిశీలిస్తే ఈ చర్చ ప్రయోజనం తెలుస్తుంది.

'ఈ వ్యాసం స్త్రీపాత్రల చిత్రణను పరిశీలిస్తుంది.' 'పరిశీలిస్తుంది' అనే రూపం భవిష్యత్తుకూ చెల్లుతుంది గనుక చాలామంది 'విల్ ఎగ్జామిన్' అని రాస్తారు. పరిశోధన ప్రణాళికలో అది ఉచితమే, ఎందుకంటే పని ఇంకా జరగలేదు. పూర్తయిన వ్యాసానికి 'ఎగ్జామిన్స్' కావాలి. లేకపోతే చేసిన పనిని చేయబోయే పనిగా మనమే ప్రకటించినట్లవుతుంది.

'ఈ అంశంపై సమగ్ర పరిశోధన జరగలేదు.' దీన్ని సింపుల్ పాస్ట్‌లో రాస్తే గతంలో ఏదో ఒక దశలో జరగలేదని మాత్రమే తేలుతుంది. 'హేజ్ నాట్ బీన్' అంటేనే నేటివరకు జరగలేదని అర్థం. పరిశోధన అవసరాన్ని నిరూపించే వాక్యం కనుక ఇక్కడ టెన్సే వాదన.

'తిక్కన పదిహేను పర్వాలను తెనిగించాడు.' ఇది ముగిసిన కార్యం, ఇక్కడ 'హేజ్' తగదు. 'తిక్కన శైలి తరతరాల కవులను ప్రభావితం చేసింది' అన్నప్పుడు మాత్రం ప్రభావం నేటికీ సాగుతోందని చెప్పదలిస్తే 'హేజ్ ఇన్‌ఫ్లుయెన్స్డ్' కావాలి. తెలుగులో 'తెనిగించాడు', 'చేసింది' రెండూ ఒకే భూతరూపం. ఏది ముగిసింది, ఏది నిలిచింది అన్న నిర్ణయం విమర్శకుడిది.

'గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు.' కథావస్తువును చెప్పేటప్పుడు తెలుగు తద్ధర్మరూపాన్ని వాడుతుంది, ఆంగ్లం సింపుల్ ప్రెజెంట్‌ను వాడుతుంది. ఇక్కడ రెండు భాషలూ కలిశాయి. కాని కన్యాశుల్కం 1897లో వెలువడిందని, 1909లో బాగా మార్చిన కూర్పు వచ్చిందని చెప్పేటప్పుడు భూతరూపమే ఉండాలి. కృతిలోని కాలం వేరు, కృతి పుట్టిన కాలం వేరు.

7. ముగింపు:

పట్టికను పూర్తిగా తొలగించాలని ఈ వ్యాసం కోరదు. 'గో, వెంట్, గాన్' వంటి రూపాలు, సహాయక క్రియల వరుస నేర్చుకోవడానికి అది చక్కని సాధనం. దాని పక్కన ఉన్న తెలుగు అర్థాల వరుసను తొలగించి, ఆ స్థానంలో సందర్భవాక్యాలను ఉంచాలి. 'ఎప్పుడైనా', 'ఇంకా', 'నుంచి', 'సరికి', 'కల్లా' వంటి మాటలున్న సహజమైన తెలుగు వాక్యాలను ఇచ్చి, అవి ఆంగ్లక్రియలో ఎక్కడ ఇమిడాయో విద్యార్థి చేతనే గుర్తింపజేయాలి. 'వెళ్లేవాడు' వంటి గడి లేని రూపాలకు ప్రత్యేక పాఠం ఉండాలి.

ఈ పని ఆంగ్లశాఖ ఒక్కటే చేయగలిగింది కాదు. తెలుగు క్రియను చిన్నయసూరి నుంచి కృష్ణమూర్తి వరకు వివరించిన వ్యాకరణ సంపద తెలుగు శాఖల చేతిలో ఉంది. ఆంగ్లపాఠం కోసం ఎవరూ మాట్లాడని తెలుగును పిల్లలచేత వల్లె వేయించినప్పుడు, తమ భాషకు తగిన వ్యాకరణం లేదన్న భావన వారిలో నాటుకుంటుంది. 'సరికి' అనే చిన్న మాట 'హేడ్' చేసే పనిని ఎంత నేర్పుగా చేస్తుందో చూపితే, ఆంగ్లం పట్టుబడడంతోపాటు ఆ భావన కూడా తొలగుతుంది.